చీటీ తీసిన చెయ్యి

ఆ దర్జీ ఇంట్లో ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఒక్కనాడూ గొంతు లేవలేదు. ఈ మాట ఎవరి గుమ్మంలోనైనా నిలబడి, ఎంతమంది ముందైనా చెప్పగలను. ఆ శనివారం ఉదయం కూడా లేవలేదు. లేచి ఉంటే బాగుండేది.

"ఇదేమిటో చూసి చెప్పండి," అంది భార్య.

మోచేతుల దాకా సబ్బు నురుగుతో ఆమె పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. అరచేతిలో తడి కాగితం ముక్క ఒకటి, దాని పక్కన నానిన దూదిలాంటి ముద్ద ఒకటి.

దర్జీ మిషను మీద నుంచి తల ఎత్తలేదు. ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తున్నాడు. కాలు తొక్కుతూనే ఉంది గానీ, సూది గుడ్డ దాటిపోయి గాలిని కుడుతోంది.

"ఎక్కడిదది?"

"మీ ఆదివారం కోటు లోపలి జేబులోది. ఎండ కాస్తోంది కదా అని నానబెట్టాను."

"చీటీలు. ఎలక్షన్ ముందు ఆదివారం తీసినవి. పారెయ్యడం మర్చిపోయాను."

"చీటీలని నాకూ తెలుసు. ఒకటి నీళ్ళు తగలగానే ముద్దయిపోయింది. రెండోది చూడండి, అరగంట నానినా నలగలేదు. బెత్తం టీచరు పేరు మీ చేతిరాతలో ఇప్పటికీ చదువుకోవచ్చు. ఎందుకంటారు?"

దర్జీ కాలు ఆగింది.

గదిలో మూడో మనిషి ఉంది. కూతురు. ఆ వీధి చివర తల్లీబిడ్డల క్లినిక్కులో ఎనిమిదేళ్ళుగా నర్సు. పొద్దున్న ఏడింటికి వచ్చింది, రెండు అట్టపెట్టెలతో. ఒకదాంట్లో గోడగడియారం, టీకాల రిజిస్టర్లు. రెండోదాంట్లో పసిపిల్లల్ని తూచే త్రాసు. క్లినిక్కుకి నిన్న సాయంత్రం తాళం పడింది. రెండు బస్సులు మారితే గానీ చేరని చోటికి మారుస్తారట. ఖాళీ అయిన గదుల్లో కొత్త కౌన్సిలరు గారి ఆఫీసు వస్తుంది.

ఆమె వచ్చినప్పటి నుంచి పెట్టెల పక్కన నేల మీదే కూర్చుంది. 

"సమాధానం చెప్పండి," అంది భార్య మళ్ళీ.

"కాగితం కోసింది నువ్వే కదా."

"నేనే. నోటు పుస్తకంలో ఒక చీటీకే కాగితం మిగిలింది. రెండోది పాత క్యాలెండరు వెనక వైపు నుంచి కోశాను. పొయ్యి మీద టీ పొంగుతోంది, హడావిడిలో ఉన్నాను. రెండూ తెల్లవే కదా అనుకున్నాను. మీ వేళ్ళ సంగతి నాకు గుర్తు రాలేదు."

ఆ వేళ్ళ సంగతి ఆ వీధిలో పసిపిల్లలకీ తెలుసు. కళ్ళకు గంతలు కట్టి పన్నెండు రకాల గుడ్డలు ముందు పరిస్తే, ఏది ఏ మిల్లులో నేసిందో చెప్పేవాడు. ఒకసారి ఎవరో పెళ్ళికొడుకు కోటు భుజం సరిచేస్తూ, "కొలత బాగానే ఉంది గానీ, లోపలి మనిషికే ఈ పెళ్ళి సరిపోలేదు," అన్నాడట. వారం తిరక్కుండా పెళ్ళి ఆగిపోయింది. ఆ కోటు ఆ పెళ్ళికూతుర్ని చేసుకున్న రెండోవాడికి అతికినట్టు సరిపోయిందట.

అలాంటి వేళ్ళు సంచిలోకి వెళ్ళాయి.

వాళ్ళ చర్చిలో చీటీ తియ్యడం తాతలనాటి పద్ధతి. ఎవరింట్లో ప్రార్థన పెట్టాలి, ఈ నెల ఎవరు ఊడవాలి, ఏ పేరు పెద్దల జాబితాలో చేరాలి, ఏది తేలకపోయినా ప్రార్థన చేసి, పేర్లు రాసి, కానుకల సంచిలో వేసి ఒకటి తీస్తారు. తీసే చెయ్యి ఇరవై రెండేళ్ళుగా దర్జీది. తగువు రాని చెయ్యి అని పేరు.

ఈసారి తేలనిది కౌన్సిలరు ఎన్నికల ఓటు. ఒకవైపు ఇటుకల కంట్రాక్టరు. మనవాడు. ముందు వరసలో కూర్చుంటాడు, పాట ఎత్తుకుంటే కిటికీ అద్దాలు అదురుతాయి. రెండోవైపు బెత్తం టీచరు. రిటైరై పదేళ్ళయినా పేరు మాత్రం రిటైరవ్వలేదు. దేవుడి మాట ఎత్తితే గడియారం చూసుకునే మనిషి. కానీ ఆ వీధికి కుళాయి తెచ్చింది ఆవిడ. క్లినిక్కు తెరిపించిందీ ఆవిడే, పదకొండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి. ఎటు వెయ్యాలని జనం పాస్టరు గారిని అడిగితే, మోకాళ్ళ మీద ఉండి ఎవరికి వారు నిర్ణయించుకోండి అన్నారాయన. మోకాళ్ళ మీద ఉంటే సగం మందికి ఒక పేరు, సగం మందికి ఇంకో పేరు వినిపించింది. సంఘం రెండు ముక్కలవుతుందేమోనని భయపడి చీటీ వేశారు.

కంట్రాక్టరు పేరు వచ్చింది. అరవై మూడు ఓట్లు ఒక్క గుత్తగా వెళ్ళాయి. బెత్తం టీచరు పదకొండు ఓట్లతో ఓడిపోయింది.

"సంచిలో చెయ్యి పెట్టినప్పుడు మీకు తెలిసిందా, తెలియలేదా?" అంది భార్య.

"ప్రార్థన చేసే పెట్టాను."

"నేను ప్రార్థన గురించి అడగలేదు. వేళ్ళ గురించి అడిగాను."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. మొదట్లో నేనేదో గొంతు లేవని ఇల్లని కోశాను. కోతలు దర్జీలకేనా, మనకీ వస్తాయి. నిజానికి ఆ ఇంట్లో వారానికి రెండుసార్లయినా గొంతు లేస్తుంది. ఒకసారి గుండీల డబ్బా కనపడక, ఇంకోసారి ఆవిడ తమ్ముడి విషయంలో. లేచిన గొంతు భోజనాల వేళకి దిగిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. అందుకే ఆ పూట అంత నెమ్మదిగా అడుగుతుంటే దర్జీకి భయమేసింది.

"పన్నెండో శిష్యుణ్ణి ఎంచుకోవడానికి అపొస్తలులు కూడా చీట్లే వేశారు," అన్నాడు.

"వేశారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఎవరో తేల్చుకోలేక వేశారు. మనకి తెలియదా? కుళాయి ఎవరు తెచ్చారో మన బిందెలకి కూడా తెలుసు. తెలిసీ, నలుగురిలో చెప్పే ధైర్యం లేక చీటీ వేశాం. మన పిరికితనాన్ని సంచిలో వేసి, దానికి దేవుడి చిత్తమని పేరు పెట్టాం."

"అందరూ ఒప్పుకున్నదే కదా. నువ్వూ ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను. అందుకే ఆ ముక్కలు కోసిన చెయ్యి కూడా నాదే అంటున్నాను. ఆఖరి రోజున ప్రభువు ఏమడుగుతాడండీ? రోగిని చూడ్డానికి వెళ్ళావా, దాహమైనవాడికి నీళ్ళిచ్చావా అని కదా. ముందు వరసలో కూర్చున్నావా, పాట గట్టిగా పాడావా అని కాదుగా."

"ఆయన మన విశ్వాసి..."

"నేను కాదన్నానా? విశ్వాసే. బడికి వెళ్ళేవాళ్ళంతా చదువుకుంటున్నారా మరి?"

దర్జీ ప్యాంటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

అప్పుడు కూతురు మొదటిసారి నోరు విప్పింది.

"నేను కూడా నాన్న చీటీకే వేశానమ్మా."

తల్లి తిరిగి చూసింది. చేతి మీద నురుగు ఆరిపోయి తెల్లటి చారలు కట్టింది.

"నువ్వా? ఆవిడ నిలబెట్టిన క్లినిక్కు కదే అది."

"తెలుసు. ముద్ర పట్టుకుని ఆవిడ పేరు మీద దాకా తీసుకెళ్ళాను. ఆపేశాను. దేవుడు చెప్పాక ఇంక నా తెలివెందుకులే అనిపించింది." ఆమె త్రాసు పళ్ళెం మీద దుమ్ము వేలితో తుడిచింది. "ఎనిమిదేళ్ళు చూశాను ఆవిడని. కరెంటు లేని రోజున మా చేతిలో టార్చి పట్టుకుని నిలబడింది, రెండు గంటలు, ఆ మోకాళ్ళ నొప్పులతో. ఆవిడేమిటో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తెలిసినదాన్ని పక్కన పెట్టడమే విశ్వాసమనుకున్నాను. నాన్న చెయ్యి కదా."

ఆ చివరి రెండు మాటల్లో నింద లేదు. ఉంటే దర్జీ ఏదో ఒకటి బదులు చెప్పి బయటపడేవాడు.

ఆయన మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఊరికే నిమురుతూ కూర్చున్నాడు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టి, గుమ్మం దగ్గర సందడి లేకపోవడం చూసి, ప్యాంటు రేపు తీసుకుంటాలే అని వెళ్ళిపోయారు. రేపు ఆదివారమని వాళ్ళకీ గుర్తులేదు, ఈయనా చెప్పలేదు.

"తెలిసింది," అన్నాడు.

మిషను చక్రం మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ముందు గట్టిదే తగిలింది వేలికి. క్యాలెండరు కాగితం. పేర్లు రాసింది నేనే కదా, అది టీచరుదని తెలుసు. దాన్నే పట్టుకుని ఉంటే అయిపోయేది. పక్కకి జరిపాను." చూపుడువేలు చూసుకున్నాడు. "వేలు దానంతటదే జరిగిందని మూడు వారాలుగా చెప్పుకుంటున్నాను."

"వేలు ఎవరిది?" అంది భార్య.

"నాదే."

"టీచరు కోటు కోసమా?"

ఆ కోటు కథ ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. ఏడేళ్ళ క్రితం బెత్తం టీచరు ఆయన కుట్టిన కోటు మూడుసార్లు తిప్పి పంపింది, చేతులు రెండూ ఒక్క పొడవు లేవని. మూడోసారి స్కేలు కూడా పంపింది. స్కేలు పంపడమే ఆయన్ని బాగా కోసింది.

"కోటు కోసం కాదు," అన్నాడు దర్జీ. తర్వాత, "కోటు గుర్తొచ్చింది మాత్రం నిజం," అన్నాడు.

"మరి దేనికి నాన్నా?" కూతురు అడిగింది.

"మనవాడు ఒక్కడు కౌన్సిలరు కుర్చీలో కూర్చుంటే చూడాలనిపించింది. మా నాన్న ఆ ఆఫీసు బయట రోజంతా నిలబడి వెనక్కి వచ్చేవాడు. మన పాట పాడేవాడు లోపల ఉంటే మనల్ని లోపలికి పిలుస్తాడనుకున్నాను. అంతకంటే ఏమీ లేదమ్మా. పెద్ద పాపమంటే పెద్ద కారణం ఉంటుందనుకునేవాణ్ణి."

"పిలిచాడా?"

దర్జీ అట్టపెట్టెల వైపు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

కూతురు లేచింది. తిడుతుందనుకున్నాడు. ఆమె గడియారం పెట్టెలోంచి తీసి, గోడకి ఎక్కడైనా మేకుందేమో చూసి, లేకపోతే మిషను బల్ల మీద ఆయన ముందే పెట్టింది. అది ఇంకా క్లినిక్కు టైములోనే నడుస్తోంది, పది నిమిషాలు ముందు. తల్లులు ఆలస్యం చేస్తారని ఆమే అలా పెట్టింది.

"రేపు మళ్ళీ తీస్తావా?" అంది.

రేపటి సంగతి ఇదీ. క్లినిక్కు ఇక్కడే ఉంచాలని కౌన్సిలరుకి అర్జీ ఇవ్వాలని సంఘంలో కొందరు, మనవాడి మీద మనమే అర్జీ పెడితే బాగుండదని కొందరు. తేలలేదు. ఆదివారం ఆరాధన కాగానే చీటీ వెయ్యాలని పెద్దలు అనుకున్నారు. అర్జీ లేదా మౌనం, రెండు చీటీలు. చెయ్యి మామూలుగా దర్జీదే.

దర్జీ జవాబు చెప్పేలోపు వీధి గుమ్మంలో నీడ పడింది.

"వందనాలమ్మా. మేస్త్రి ఉన్నాడా?"

పాస్టరు గారు. దర్జీని ఆయన మేస్త్రి అనే పిలుస్తారు. ఎండలో నడిచి వచ్చి చెమట తుడుచుకుంటున్నారు. చంకలో మడత పెట్టిన కానుకల సంచి. ఆయన మంచి మనిషి, కాస్త నిదానం. ఆయన ప్రసంగం మొదలుపెట్టినప్పుడు పుట్టిన బిడ్డ, ముగించేటప్పటికి నడక నేర్చుకుందని సంఘంలో ఒక హాస్యం.

"వందనాలయ్యగారూ, రండి," అంది భార్య. తడి కాగితాన్ని గుప్పిట్లో మూసేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కూతురు నమస్కారం పెట్టి తల్లి వెనకే వెళ్ళింది. వంటింటి తలుపు మాత్రం వెయ్యలేదు.

పాస్టరు గారు కుర్చీలో కూర్చుని పెట్టెలు చూశారు, గడియారం చూశారు. తన చేతి వాచీ కేసి చూసుకుని, ఏది తప్పో తేల్చుకోలేక ఊరుకున్నారు.

"సంచి కుట్టు వదిలింది మేస్త్రీ. రేపటికి నాలుగు టాకాలు వేస్తావేమోనని."

దర్జీ సంచి అందుకున్నాడు. పాత వెల్వెట్టు, నోటి దగ్గర నూలు బయటపడింది. వేళ్ళు వాటంతటవే అంచు వెంట పరుగెత్తాయి. ఆపి, బల్ల మీద పెట్టేశాడు.

"కుడతాను. చెయ్యి మాత్రం పెట్టను అయ్యగారూ."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది."

చెప్పాడు. నోటు కాగితం, క్యాలెండరు కాగితం, పక్కకి జరిగిన వేలు. ఇందాక ఇంట్లో చెప్పినంత బాగా ఇప్పుడు రాలేదు. వెనకది ముందు, ముందుది వెనక అయింది. కోటు సంగతి కూడా దాచలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పాస్టరు గారు మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. భార్య టీ తెచ్చి పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది. టీ మీద మీగడ కట్టింది. ఆయన తాగలేదు.

"నన్ను అడిగారు గుర్తుందా, ఎవరికి వెయ్యాలని," అన్నారు చివరికి. "మోకాళ్ళ మీద ఉండండి అని పంపేశాను. అది చాలా ఆత్మీయమైన మాటలా ఉంటుంది. అసలు నేను ఆ టీచరుకే వేద్దామనుకున్నాను. ఆ మాట చెప్పక్కర్లేదు, ఎలా ఆలోచించానో చెబితే సరిపోయేది. బలహీనుడికి ఎవరు పనికొస్తారో చూడండి, మనవాడా కాదా అన్నది తర్వాత, అని. కంట్రాక్టరు గారు మన చర్చికి పైకప్పు వేయించిన మూడో నెల అది. నోరు రాలేదు."

"మీరు ఎవరికి వేశారు అయ్యగారూ?" భార్య అడిగింది.

"చీటీకే వేశానమ్మా."

 గదిలో గడియారం ఒక్కటే పని చేస్తోంది.

"రేపు నిలబడి చెప్పేస్తాను," అన్నాడు దర్జీ. "పెద్దరికం తీసేస్తే తీసెయ్యనీ. ఇంకెప్పుడూ ఎవరూ నా చేతిని చూసి ఓటు వెయ్యకూడదు. అర్జీ సంగతి చేతులెత్తి తేల్చుకుంటారో, పోట్లాడుకుని తేల్చుకుంటారో, ఎవరి మొహం వాళ్ళు చూపించి తేల్చుకోనీ."

"చెప్పు. వద్దనను." పాస్టరు గారు లేచి సంచి చేతిలోకి తీసుకున్నారు, మళ్ళీ కింద పెట్టారు. "చెప్పాలి కూడా. రేపు నీ తర్వాత నేనూ లేస్తాను. అయితే మేస్త్రీ, దానికంటే ముందు నాకొకటి తెలియాలి."

"అడగండి."

"పందొమ్మిదేళ్ళ క్రితం ఈ సంఘంలో పాస్టరు పనికి ఇద్దరం వచ్చాం. నేనూ, ఆ పొడుగాయన. ఆయన నాకంటే బాగా మాట్లాడేవాడు, బాగా పాడేవాడు. సంఘం తేల్చుకోలేక చీటీ వేసింది. నా పేరు వచ్చింది. ఎన్ని రోజులు మనసు కుంగినా, ఇల్లు గడవకపోయినా, ఇక్కడ నన్ను నిలబెట్టింది మనిషి కాదు, దేవుడు అనుకుని లేచేవాణ్ణి. మా ఆవిడ పోయినప్పుడు కూడా ఆ ఒక్క మాట పట్టుకునే లేచాను."

ఆయన బల్ల మీది సంచి వైపు చూశారు.

"ఆ రోజు సంచిలో చెయ్యి నీదే. నా చీటీ ఏ కాగితం?"

  గోడకి ఆనుకున్న భార్య, ఆ రోజు కూడా ముక్కలు కోసింది తనే అని గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దర్జీ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఎవరో అరువిచ్చిన వస్తువుని చూసినట్టు చూస్తున్నాడు. పాస్టరు గారు నిలబడే ఉన్నారు. ఆయన ఎప్పుడూ నిదానమే, కానీ ఆ పూట ఆయన నిదానం భరించడం కష్టంగా ఉంది.

వాళ్ళని అలా నిలబెట్టి, నేనొక బరువు దించుకుంటాను. ఇందులో కుట్టుపని చాలావరకు దర్జీదే, ఒక్క టాకా నాది. బెత్తం టీచరు పదకొండు ఓట్లతో ఓడిందన్నాను. అది నేను కల్పించింది. తేడా మూడు వందల నలభై. సంఘం మొత్తం ఆవిడకే వేసినా గెలిచేది కాదు. ఈ లెక్క దర్జీకి చాలామంది చెప్పారు, ఆయనా విని తల ఊపాడు. చెప్పి వెళ్ళినవాళ్ళలో ఒక్కరికీ ఆయన నెమ్మదించాడని అనిపించలేదు. నాకూ అనిపించక, ఆయన మోస్తున్న బరువుకి తగ్గట్టు పదకొండు అని రాశాను.